పెరటి చెట్టూ, పెరటి కోడీ

“పెరటి చెట్టు మందుకు పనికిరాదు” అని మనకొక సామెత వున్నది. అది చెట్టును గురించి చెప్పిన మాట కాదు, మనిషిని గురించి చెప్పిన మాట. చేతికందేదాన్ని చులకన చేసి, దూరాన వున్నదాన్ని నెత్తికెత్తుకునే మన బుద్ధిని ఎవరో పెద్దాయన ఎత్తిపొడిచాడు. అయితే యీ రోజుల్లో ఆ సామెత తలకిందులైనట్టు కనబడుతున్నది. పెరట్లో మొలిచిన ప్రతి ఆకూ ప్రతి రోగానికీ మందే అంటున్నారు. సెల్‌ఫోను తెరిస్తే చాలు, పొద్దున బొప్పాయి ఆకు, మధ్యాహ్నం తిప్పతీగ, రాత్రికి నేలవేము! మనుషులతో ఆగిందా అంటే అదీ లేదు. యీ వైద్యం ఇప్పుడు కోళ్ళగూటి దాకా వచ్చింది.

తెలుగు పాఠాలు చెప్పుకునే మేష్టరుకి కోళ్ళ జబ్బుల గొడవ దేనికని మీరు అడగవచ్చు. కోడి మన సాహిత్యానికి కొత్తదేమీ కాదు గదా! పల్నాటి కథలో నాయకురాలు నాగమ్మకూ, బ్రహ్మనాయుడికీ నడుమ రగిలిన వైరం కోడిపందెం దగ్గరే ముదిరింది. పందెంలో ఓడినవారు రాజ్యం విడిచి వెళ్ళవలసి వచ్చింది. సంక్రాంతి వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో కుక్కుటశాస్త్రం పేరుతో పుస్తకాలు నేటికీ చేతులు మారుతూనే వుంటాయి. కాకి, డేగ, నెమలి అంటూ కోళ్ళ రంగులను బట్టి ఏ రోజున ఏది గెలుస్తుందో అందులో చెబుతారు. కాని నేను చెప్పబోయేది పందెం కోడి కథ కాదు. గుడ్డుపెట్టి, పిల్లల్ని లేపి, ఇల్లాలి కొంగున నాలుగు రూపాయలు ముడివేయించే మామూలు పెట్ట కథ.

మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతె వున్నది. తండ్రి లేడు. తల్లి కూలికి వెడుతుంది. ఇంటి దగ్గర పాతిక నాటుకోళ్ళను పెంచుతుంది. పిల్లదాని పరీక్ష ఫీజూ, బస్సు ఛార్జీలూ ఆ కోళ్ళమీదనే. క్రిందటేడు మాఘమాసంలో ఒకనాడు క్లాసు అయిపోయాక ఆ అమ్మాయి గుమ్మం దగ్గర ఆగి, నాలుగు మడతల కాగితం ఒకటి నా చేతిలో పెట్టింది.

“మా వూరికి ఒకాయన వచ్చాడండీ, మాస్టారూ. మూలికల రసం అమ్ముతున్నాడు. కోళ్ళకు వైరస్ జబ్బు ఏదొచ్చినా పోతుందట. టీకాలక్కర్లేదట. సీసా ఆరువందలు. అమ్మ కొందామంటున్నది. ఇందులో రాసింది నిజమేనా?”

కాగితం చదివాను. ఫ్లేవనాయిడ్లు, టెర్పీన్లు, ఆల్కలాయిడ్లు అని మూడు బరువైన మాటలు, వాటి వెనకాల ఒక ఋషి బొమ్మ, దాని కింద ఒక కోడిపుంజు బొమ్మ. భాష మాత్రం బ్రహ్మాండంగా వున్నది. నాకు అనుమానం కలిగింది అందుకే. మాటలు అంత నున్నగా వున్నచోట సరుకు ఎట్లా వుంటుందో చూడటం మా వృత్తిలో అలవాటు.

ఆ కాగితం పుచ్చుకుని మా వీధిలోనే వున్న పశువైద్యుల దగ్గరికి వెళ్ళాను. రిటైరై పదేళ్ళయింది ఆయనకు. చదువు మాత్రం మానలేదు. ఆయన చెప్పిందీ, ఇచ్చిన పుస్తకాల్లో నేను చదివిందీ కలిపి మీ ముందు పెడుతున్నాను. ఇంట్లో కోడి లేనివారికి కూడా ఇందులో పనికివచ్చే సంగతి వున్నదని నా నమ్మకం.

రాణిగారి పొలం

కోళ్ళను చంపే వైరస్ జబ్బుల్లో మన పల్లెలు ఎరిగినది కొక్కెర తెగులు. ఇంగ్లీషు చదువులవారు దాన్ని రాణీఖేత్ వ్యాధి అంటారు. రాణీఖేత్ అంటే రాణిగారి పొలం అని అర్థం. హిమాలయాల్లో కుమావూ ప్రాంతాన దేవదారు చెట్ల మధ్య వున్న అందమైన వూరు. పాపం, ఆ వూరు చేసిన తప్పేమీ లేదు. 1928 ప్రాంతాన మన దేశంలో యీ జబ్బును అక్కడ గుర్తించారు గనుక ఆ పేరు అంటుకుపోయింది. అంతకు రెండేళ్ళు ముందు, 1926లో, అటు జావాలోనూ ఇటు ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణం దగ్గరా ఇదే తెగులు కోళ్ళను ఊడ్చేసింది. అందుచేత ప్రపంచంలో తక్కిన చోట్ల దీన్ని న్యూకాసిల్ వ్యాధి అంటారు. ఒకే దొంగకు రెండు వూళ్ళ పేర్లు!

జబ్బు లక్షణాలు పల్లెటూరి ఇల్లాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. కోడి రెక్కలు వేలాడేసి మూల కూర్చుంటుంది. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంది. ఆకుపచ్చగా, సున్నం కలిపినట్టుగా పారుకుంటుంది. మెడ మెలితిరిగిపోతుంది. కాళ్ళు పడిపోతాయి. టీకా లేని మందలో గట్టి రకం వైరస్ ప్రవేశిస్తే నూటికి తొంభై, ఒక్కొక్కప్పుడు నూటికి నూరూ పోతాయి. సాయంత్రం గంప కింద మూసిన కోళ్ళు తెల్లవారేసరికి సగం లేవకపోవడం చూసినవారు చాలామంది వున్నారు. మనుషులకు మాత్రం దీనివల్ల పెద్ద ప్రమాదం లేదు. దగ్గరగా మసలినవారికి కండ్లకలక వంటిది వచ్చి పోతుంది.

వైరస్‌కు తనంతట తాను బతికే శక్తి లేదు. అది కోడి శరీరంలోని జీవకణం లోపలికి దూరి, ఆ కణం చేతనే తన పిల్లల్ని కనిపించుకుంటుంది. అద్దెకు దిగి ఇల్లు తన పేర రాయించుకున్నవాడి వంటిది. బాక్టీరియాను చంపే పెన్సిలిన్ వంటి మందులు దీన్ని ఏమీ చెయ్యలేవు. ఆ మందులు పట్టుకునే పిడి దీనికి లేదు. కణాన్ని చంపకుండా కణంలో కాపురం పెట్టినదాన్ని చంపాలి. వైరస్ మందుల కష్టమంతా అక్కడే వున్నది.

ఆకులో ఏముంది?

ఇక చెట్ల సంగతి. చెట్టు కదలలేదు. పురుగు వచ్చినా, బూజు పట్టినా, వైరస్ సోకినా వున్నచోటనే నిలబడి పోరాడాలి. అందుచేత చేదుగా, వగరుగా, ఘాటుగా వుండే పదార్థాలను తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. కాగితంలోని ఆ మూడు బరువైన మాటలూ వీటి పేర్లే. మనం వగరు అనేది టానిన్ల గుణం. వైరస్ పైపొరకున్న ముళ్ళవంటి మాంసకృత్తులకు టానిన్లు అతుక్కుంటే, అది కణాన్ని పట్టుకోలేక జారిపోవచ్చు. మరికొన్ని పదార్థాలు వైరస్ పిల్లలు తయారయ్యే పనికి అడ్డుపడతాయి. ఇంకా కొన్ని వైరస్ జోలికి పోకుండా కోడి ఒంట్లోని రక్షణ బలగాన్ని లేపుతాయి.

కాబట్టి “ఆకులో ఏమీ లేదు” అనడానికి వీల్లేదు. నేలవేములోని చేదు పదార్థం, పసుపులోని పచ్చదనం, అతిమధురంలోని తీపి, వీటన్నిటినీ వైరస్‌ల మీద ప్రయోగశాలల్లో పరీక్షించారు, పరీక్షిస్తున్నారు. 2019లో లిథువేనియా దేశపు పరిశోధకులు 15 మొక్కల సారాలను కోళ్ళ శ్వాసకోశ వ్యాధి వైరస్ మీద ప్రయోగించి చూశారు. ఆ వైరస్ కరోనా కుటుంబంలోది. మనుషులు కరోనా పేరు వినక చాలా ముందే, 1931లోనే, అమెరికాలో కోళ్ళకు యీ జబ్బును గుర్తించారు. ఆ 15 మొక్కల్లో పెప్పర్‌మింట్, అంటే మన పుదీనాకు చుట్టం, చాలా బాగా పనిచేసిన వాటిలో ఒకటి. ఆఫ్రికాలో పల్లెటూరివారు కోళ్ళ తెగులుకు కలబంద రసం పోయడం పాత అలవాటు. అక్కడి శాస్త్రజ్ఞులు మన కలబందకు దాయాది అయిన ఒక జాతిని తీసుకుని, న్యూకాసిల్ వ్యాధి సోకిన కోళ్ళమీద పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించారు. జబ్బు సోకకముందు నుంచీ రసం పట్టిన కోళ్ళలో చావులు కొంత తగ్గాయి. తగ్గాయే గాని ఆగలేదు.

ఇంతవరకూ విన్న మా అమ్మాయి వంటివారు, “అయితే సీసా కొనవచ్చునన్నమాట!” అంటారు. అక్కడే ఆగాలి.

మేనత్త లెక్క

నేను డాక్టరుగారి ఇంట్లో వున్నప్పుడే మా మేనత్త అక్కడికి వచ్చింది. ఆవిడకు డెబ్భై దాటాయి. మాటల్లో కోళ్ళ మందుల ప్రసక్తి రాగానే, “మీ పుస్తకాలు సరేలే! నేను వేపాకు, మిరియాలు, వెల్లుల్లి, పసుపు నూరి ఉండలు మింగించేదాన్ని. ఒక ఏడు తెగులొస్తే ఎనిమిదింటిలో రెండు బతికాయి. నా మందు మహిమ కాదూ?” అన్నది.

డాక్టరుగారు నవ్వకుండా అడిగారు: “ఎదురింటావిడకు కోళ్ళు లేవా అమ్మా?”

“ఎందుకు లేవూ? దానికీ ఎనిమిదే.”

“ఆవిడ ఏం మింగించింది?”

“ఏం మింగిస్తుంది, దాని మొహం! చేతులు ముడుచుకు కూర్చుంది.”

“ఆవిడకెన్ని మిగిలాయి?”

మా అత్తయ్య కాసేపు కొంగు సర్దుకుని, “రెండు” అన్నది.

శాస్త్రం యావత్తూ ఆ ఒక్క ప్రశ్నలో వున్నది. మందిచ్చిన మందలో ఎన్ని బతికాయో చెబితే చాలదు. మందివ్వని మందలో ఎన్ని బతికాయో కూడా చెప్పాలి. ఎంత ఘోరమైన తెగులులోనైనా కొన్ని కోళ్ళు తమంతట తామే గట్టెక్కుతాయి. చచ్చినవి సాక్ష్యం చెప్పవు. బతికిన రెండూ పెరట్లో తిరుగుతూ మన ఉండల గొప్ప చాటుతుంటాయి. తరతరాల నుంచి వచ్చిన చిట్కాల్లో నిజంగా గుణమున్నవీ వున్నాయి, ఇట్లా పేరు తెచ్చుకున్నవీ వున్నాయి. రెండింటినీ విడదీయడానికి ఎదురింటి ఎనిమిది కోళ్ళు కావాలి.

మూడు గడపలు

పరిశోధనాలయాల్లో ఒక ఆకురసం మందు అనిపించుకోవాలంటే మూడు గడపలు దాటాలి.

మొదటి గడప గాజుపాత్ర. అందులో జీవకణాలను పెంచి, వైరస్ వదిలి, రసం పోస్తారు. ఇక్కడ ఒక చిక్కున్నది. రసం ఘాటుకు వైరస్‌తో పాటు కణాలు కూడా చావవచ్చు. ఇంటికి నిప్పుపెట్టి ఎలుకను చంపినట్టు! కణం బతికి వైరస్ చచ్చే మోతాదు వున్నదా అన్నదే ప్రశ్న. లిథువేనియా వారి పుదీనా దాటినది యీ గడప.

రెండో గడప గుడ్డు. తొమ్మిది పది రోజులు పొదిగిన గుడ్డులోకి సన్నని సూదితో వైరస్‌నూ, మందునూ ఎక్కిస్తారు. కొన్నాళ్ళ తర్వాత దీపం ముందు పట్టి లోపలి పిల్ల బతికివుందా లేదా చూస్తారు. ఆ గుడ్డులోని ద్రవాన్ని కోడి నెత్తుటి కణాలతో కలుపుతారు. వైరస్ వుంటే ఆ కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని పల్చని దుప్పటిలా పరుచుకుంటాయి. లేకపోతే అడుగున ఎర్రని గుండీలా పేరుకుంటాయి. ఎంత చక్కని పరీక్ష చూడండి! దుప్పటా, గుండీయా అన్నదానిమీద ఒక మందు భవిష్యత్తు తేలిపోతుంది.

మూడో గడప సాక్షాత్తూ కోడి. చాలా ఆకులు బోర్లాపడేది ఇక్కడే. పాత్రలో రసం నేరుగా వైరస్ మీద పడుతుంది. కోడికి తాగిస్తే అది కందనకాయ దాటాలి, పేగుల్లో అరిగిపోకుండా మిగలాలి, నెత్తుట్లో కలవాలి, ఊపిరితిత్తులకూ మెదడుకూ చాలినంతగా చేరాలి. పసుపులోని పచ్చని పదార్థానికి పాత్రలో ఎంత పేరున్నా, నోటిద్వారా ఇస్తే ఒంటికి పట్టేది బహు స్వల్పం. పైగా ఆకు ఆకుకూ గుణం మారుతుంది. వానాకాలపు ఆకు వేరు, ఎండాకాలపు ఆకు వేరు. నీడన ఆరబెట్టినది వేరు, మరగబెట్టినది వేరు.

మరగబెట్టడం అంటే ఒక కథ జ్ఞాపకం వస్తున్నది. ఇది వైరస్ కథ కాదు, మలేరియా కథ. చైనాలో తూ యూయూ అనే శాస్త్రజ్ఞురాలు ఒక మాచిపత్రి జాతి మొక్కలో మలేరియా మందు కోసం వెదుకుతున్నది. కషాయం కాస్తే ఫలితం నిలకడగా రావడం లేదు. నాలుగో శతాబ్దంలో గే హాంగ్ అనే వైద్యుడు రాసిన గ్రంథంలో ఆ మొక్కను నీళ్ళలో నానబెట్టి పిండమని వున్నది. కాచమని లేదు. ఆ చిన్న తేడా పట్టుకుని ఆమె తక్కువ వేడిమీద సారం తీసింది. 1972లో అసలు పదార్థం చేతికి చిక్కింది. 2015లో ఆమెకు నోబెల్ బహుమానం ఇచ్చారు. ప్రాచీన గ్రంథం దారి చూపింది. గెలిచింది మాత్రం ప్రయోగశాలలో. పాతపుస్తకాలు చదువుకుని బతికే నావంటివాడికి యీ కథ ఎంత ఇష్టమో చెప్పలేను.

బిర్యానీలో పువ్వు

చెట్టులోంచి వైరస్ మందు నిజంగా పుట్టిన కథ కూడా ఒకటున్నది. దాని మూలం మీ వంటింటి పోపులపెట్టెలోనే వుంటుంది. అదే అనాసపువ్వు.

1885లో ఐక్‌మన్ అనే డచ్చి రసాయనజ్ఞుడు జపానులో షికిమి అనే చెట్టు నుంచి ఒక ఆమ్లాన్ని వేరుచేశాడు. దానికి షికిమిక్ ఆమ్లమని పేరు వచ్చింది. మన అనాసపువ్వు ఆ చెట్టుకు చెల్లెలి వరస. దక్షిణ చైనాలోనూ, వియత్నాం ఉత్తర భాగంలోనూ పండుతుంది. అందులో యీ ఆమ్లం పుష్కలం. వంద సంవత్సరాల తర్వాత అమెరికా శాస్త్రజ్ఞులు యీ ఆమ్లాన్ని ముడిసరుకుగా తీసుకుని, ఒకదాని వెంట ఒకటిగా అనేక రసాయనిక మార్పులు చేసి ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందును తయారు చేశారు. 1999లో అది టామిఫ్లూ పేరుతో బజారుకు వచ్చింది. ఫ్లూ వైరస్ పిల్లలు కణాన్ని వదిలి బయటపడటానికి ఒక కత్తెర వాడతాయి. యీ మందు ఆ కత్తెరలో ఇరుక్కుని దాన్ని తెగకుండా చేస్తుంది.

అయితే బిర్యానీ తింటే ఫ్లూ రాదా? ఆ ఆశ పెట్టుకోకండి. అనాసపువ్వులో వున్నది ముడిసరుకే. దారపు ఉండకూ పట్టుచీరకూ ఎంత దూరమో దానికీ మందుకూ అంత దూరం. ఇంకొక హెచ్చరిక: దీని అక్కగారైన జపాను షికిమి చెట్టు కాయలు చూడటానికి అచ్చం ఇట్లాగే వుంటాయి గాని విషం. “చెట్టునుంచి వచ్చింది గనక హాని చెయ్యదు” అనేవారికి యీ అక్కచెల్లెళ్ళను చూపిస్తే చాలు.

కోడికి మందిస్తే ఏం పోయింది?

“మనుషులకు వాడే మందు వున్నది గదా, కోళ్ళకూ ఇస్తే పోలేదా?” అని నేనే డాక్టరుగారిని అడిగాను. ఆయన ముఖం గంభీరమైంది.

1997లో హాంకాంగులో హెచ్5ఎన్1 అనే కోళ్ళ ఫ్లూ మనుషులకు సోకింది. 18 మందికి వస్తే 6గురు చనిపోయారు. అక్కడి ప్రభుత్వం పది లక్షలకు పైగా కోళ్ళను చంపించింది. మన దేశంలో అది మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూరులో కనిపించింది. 2025 ఫిబ్రవరిలో మన తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోనే తేలింది. ఇట్లాంటప్పుడు మన దేశంలో అనుసరించే పద్ధతి వైద్యం చెయ్యడం కాదు. భోపాల్లోని ప్రయోగశాల వ్యాధిని నిర్ధారించాక, ఆ చుట్టుపట్ల కిలోమీటరు మేర కోళ్ళను చంపి పూడ్చిపెట్టడమే. వినడానికి క్రూరంగా వున్నది. కాని మందువేసి కోడిని పైకి ఆరోగ్యంగా నిలబెడితే, లోపల వైరస్ రెట్టలో రాలుతూనే వుంటుంది. చావని కోడి సంతకు పోతుంది. సంత నుంచి మరో పది వూళ్ళకు పోతుంది.

అంతకంటె పెద్ద భయం మరొకటి. అమాంటడీన్ అని మనుషుల ఫ్లూకు ఒక మందు వుండేది. చైనాలో కొందరు 1990ల చివరి నుంచి దాన్ని కోళ్ళకు పెడుతున్నారని 2005లో బయటపడింది. ఆ మందు చవక. అప్పటికే హెచ్5ఎన్1 రకాలు కొన్ని ఆ మందుకు లొంగడం మానేశాయి. కోళ్ళకు ఇష్టం వచ్చినట్టు పోయడం ఇందుకు ఒక కారణమని శాస్త్రజ్ఞులు అనుమానించారు. కోడిని కాపాడబోయి మనిషి చేతిలోని ఆయుధాన్ని మొద్దు చేసుకోవడమన్నమాట! చెట్టు మందైనా సరే, అర్ధమోతాదుగా, అందరూ అన్నివేళలా వాడితే వైరస్ దాన్ని తప్పించుకునే దారి నేర్చుకోవచ్చు. వైరస్‌కు అది మూలికో మాత్రో అనవసరం.

ఇంతకీ టీకా మాటేమిటి?

కొక్కెర తెగులుకు టీకా వున్నది. కొత్తది కూడా కాదు. కుమావూ కొండల్లోనే వున్న ముక్తేశ్వర్ పరిశోధనాలయంలో 1940లలోనే ఒక రకం తయారైంది. ఇప్పటికీ ఆ రకాన్ని ఎనిమిది వారాలు దాటిన కోళ్ళకు రెక్కకింద చర్మంలోకి ఎక్కిస్తున్నారు. లేత పిల్లలకు మొదటి వారంలో లసోటా అనే మెత్తని రకాన్ని కంట్లో చుక్కగా వేస్తారు. ఒక్క చుక్క!

మరి ఇంత సులువైనది వుండగా జనం సీసాల వెంట ఎందుకు పడుతున్నారు? మనం చదువుకున్నవాళ్ళం “మూఢనమ్మకం” అని ఒక్క మాటతో కొట్టిపారేస్తాం. అది అన్యాయం. టీకాబుడ్డిలో వంద కోళ్ళకు, ఇంకా ఎక్కువకు సరిపడా మందుంటుంది. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చలిలో వుంచాలి. నీళ్ళతో కలిపాక గంట రెండు గంటల్లో వాడెయ్యాలి. పది కోళ్ళున్న కూలిమనిషి వంద కోళ్ళ బుడ్డి ఎందుకు కొంటుంది? కొన్నా ఏ మంచులో దాచుకుంటుంది? వేలకొద్దీ కోళ్ళున్న ఫారాలవారికి ఆ ఇబ్బంది లేదు. ఆవిడ దగ్గరికి టీకా నడిచి రాదు. సీసావాడు మాత్రం మోటారుసైకిలు మీద గుమ్మం దాకా వస్తాడు. ఆవిడ చేసిన తప్పేమిటి?

ఈ చిక్కు తెలిసే ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండు విశ్వవిద్యాలయంవారు 1990లలో వేడికి కొంత ఓర్చుకునే ఐ-2 అనే టీకారకాన్ని తయారు చేశారు. మొజాంబిక్, టాంజానియా వంటి దేశాల్లో పల్లెటూరి ఆడవాళ్ళే దాన్ని నేర్చుకుని ఇంటింటికీ తిరిగి కోళ్ళ కళ్ళలో చుక్కలు వేశారు.

మన అమ్మాయి విషయంలో డాక్టరుగారు చెప్పిన ఉపాయం చిన్నదే. “ఒక్కరు కొనలేరు గాని ఒక వాడ కొనగలదు. కోళ్ళ లెక్క రాసుకురమ్మను” అన్నారు. అమ్మాయి నోటుపుస్తకంలో పదకొండు ఇళ్ళపేర్లు రాసుకొచ్చింది. మొత్తం నూటనలభై కోళ్ళు. ఒక తెల్లవారుఝామున, గంపలు ఎత్తకముందే, పశువుల ఆసుపత్రి నుంచి మనిషి మంచుముక్కలు వేసిన ఫ్లాస్కులో టీకా తెచ్చాడు. ఇంటికి పడిన ఖర్చు సీసా ధరలో పదోవంతు కూడా లేదు.

వైశాఖంలో పక్క వూళ్ళో తెగులు వచ్చిందని విన్నాం. వీళ్ళింట్లో పాతిక పెద్దకోళ్ళూ నిలిచాయి. మూడు పిల్లలు మాత్రం పోయాయి. అవి టీకా వేసిన తర్వాత పుట్టినవి. “మా అత్తయ్య లెక్క ప్రకారం యిది కూడా రుజువు కాదు గదండీ?” అన్నాను డాక్టరుగారితో. “ఒక్క వాడ రుజువు కాదు. కాని టీకా వెనకాల ఎదురింటి కోళ్ళ లెక్క ఎనభై ఏళ్ళుగా వున్నది. సీసా వెనకాల ఏమున్నదో వాణ్ణి చెప్పమనండి” అన్నారాయన.

అయితే పెరటి చెట్టును వదిలెయ్యాలా? అక్కరలేదు. కోళ్ళకు మశూచి పొక్కులు లేచినప్పుడు పసుపూ వేపనూనే రాయడం మంచి పనేనని డాక్టరుగారే అన్నారు. అది వైరస్‌ను చంపుతుందని కాదు. పుండు చీము పట్టకుండా, ఈగలు ముసరకుండా చూస్తుంది. కోడి తేరుకునేందుకు వ్యవధి ఇస్తుంది. ఆ మశూచిని దోమలు మోస్తాయి గనుక గూటి దగ్గర నీళ్ళు నిలవకుండా చూడటం కూడా వైద్యమే. ఇక వైరస్‌నే జయించే ఆకు ఏదో ఒకనాడు మూడు గడపలూ దాటవచ్చు. ఆ రోజున అందరికంటె ముందు సంతోషించేది నేనే.

అందాకా మీ గుమ్మంలోకి ఎవరైనా సీసా తెస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఇది పాత్రలో గెలిచిందా, గుడ్డులో గెలిచిందా, కోడిలో గెలిచిందా? మందివ్వని కోళ్ళు ఎన్ని బతికాయి? ప్రతి సీసాలోనూ సారం ఒకే మోతాదులో వుంటుందని పరీక్షించింది ఎవరు? ప్రశ్నలు కోళ్ళ మందుకే కాదు, మనుషుల మందుకూ పనికివస్తాయి. మా అమ్మాయి వాళ్ళమ్మ మూడో ప్రశ్న దాకా పోలేదట. రెండోదానికే అతను మోటారుసైకిలు స్టార్టు చేసుకున్నాడని చెప్పింది.